మాటలేని బొమ్మలు — మన ఇళ్ళలో చూడదగిన మూకీ చిత్రాలు

తెలుగునాడు విడిచివచ్చి మూడు నాలుగు తరాలు గడిచిన మన ఇళ్ళలో ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. ఉగాదినాడు ఇంటిల్లిపాదీ కూడి కూర్చుంటే నాయనమ్మ తెలుగులో ఒక మాట అడుగుతుంది. మనుమడు కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో బదులు చెబుతాడు. తెలుగు సినిమా పెడితే మనుమడికి సగం మాటలు అందవు. ఈ ఊరి భాషలో సినిమా పెడితే నాయనమ్మ కాసేపటికి కునికిపాట్లు పడుతుంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఒకరినొకరు అర్థం అడగకుండా చూడగలిగిన సినిమా ఏదైనా ఉన్నదా అంటే, ఉన్నది. నూరేళ్ళకు పూర్వపు మూకీ చిత్రం.

పాత సినిమాలంటే ఇష్టపడే మిత్రులు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమందికి పాత సినిమా అంటే 1950 నాటి పాటల సినిమా. అంతకు వెనుక ఒక యుగమే ఉన్నదనీ, ఆ యుగంలో మనవంటి వలసవారికి పెద్దపీట ఉండేదనీ చెప్పి, అందులో చూడదగిన నాటకీయమైన చిత్రాలు కొన్నింటిని పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూకీ అంటే నిశ్శబ్దంగా చూసేదనుకోవడం పొరపాటు. హాలులో హార్మోనియం, తబలా మోగుతూ ఉండేవి. దృశ్యాల నడుమ అక్షరాల పలకలు వచ్చేవి. వాటిపై మాటలు ఒక్కొక్కప్పుడు రెండు మూడు భాషలలో రాసి ఉండేవి. చదువురానివారి కోసం తెర పక్కన ఒక మనిషి నిలబడి, ఆ పలకలు గట్టిగా చదువుతూ, కథను ఆ ఊరివారి నుడికారంలో చెప్పేవాడు. బొంబాయిలో తీసిన బొమ్మ మద్రాసుకు వస్తే తమిళంలో పలికేది, బెజవాడకు వస్తే తెలుగులో పలికేది. బొమ్మకు సొంత భాష లేదు గనుక ఏ ఊరికి వెళితే ఆ ఊరిదయ్యేది. మన బ్రతుకూ అటువంటిదే కదా!

దక్షిణదేశంలో ఆ కళకు పునాది వేసినవాడు కూడా ఒక వలసవాడే. శ్రీ రఘుపతి వెంకయ్య నాయుడుగారు మచిలీపట్నంలో పుట్టి, మద్రాసు చేరి, అక్కడ ఫోటో స్టూడియో పెట్టుకున్నారు. 1910 ప్రాంతంలో ఆ స్టూడియోను తాకట్టు పెట్టి క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని కొన్నారు. తెరమీద బొమ్మ ఆడుతుంటే పక్కన గ్రామఫోను పలికే సాధనమది. దానితో మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో ప్రదర్శనలిచ్చి, ఆ తరువాత ఊరూరా తిరిగి, బర్మా, సింహళాల దాకా వెళ్ళారు. తిరిగివచ్చి మద్రాసులో గెయిటీ, క్రౌన్, గ్లోబ్ అనే సినిమాహాళ్ళు కట్టించారు.

అంతటితో ఆగక కుమారుడు ప్రకాశ్‌ను చిత్రనిర్మాణం నేర్చుకోమని ఇంగ్లండు పంపారు. అతడు తిరిగివచ్చాక తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ అనే సంస్థను స్థాపించి 1921లో “భీష్మ ప్రతిజ్ఞ” తీశారు. ప్రకాశ్ తానే దర్శకుడు, తానే భీష్ముడు. గంగ వేషం వేసిన పెగ్గీ కాస్టెల్లో ఆంగ్లో ఇండియను యువతి. గంగాదేవికి తెలుగు రాకపోయినా ఆనాటి ప్రేక్షకులకు లోటేమీ లేదు. తరువాత “గజేంద్ర మోక్షం”, “నందనార్” వంటివి వచ్చాయి. వెంకయ్యగారు 1941లో గతించారు. వారి పేరిట రాష్ట్ర ప్రభుత్వం 1980లో ఒక పురస్కారాన్ని ఏర్పాటు చేసింది.

ఆ దారిన నడిచినవారు మరికొందరున్నారు. కాకినాడలో సి. పుల్లయ్యగారు తమ ఊళ్ళోనే మార్కండేయుని కథను మూకీగా తీశారు. నెల్లూరువారైన వై. వి. రావుగారు మూకీలలో నటించి, దర్శకత్వం వహించి, 1934లో విడుదలైన తొలి కన్నడ టాకీ “సతీ సులోచన”కు దర్శకులయ్యారు. కరీంనగరంలో పుట్టిన పైడి జైరాజ్ 1929లో బొంబాయి చేరి మూకీ నాయకుడుగా పేరు తెచ్చుకున్నాడు. భాష అడ్డు లేని రోజులు గనుక తెలుగువాడు ఏ ఊళ్ళోనైనా నాయకుడు కాగలిగాడు.

1931 మార్చి 14న బొంబాయిలో “ఆలం ఆరా” విడుదలై బొమ్మకు మాట వచ్చింది. మాటతోపాటు గోడలూ వచ్చాయి. ఆ గోడలు లేస్తున్న మొదటి రోజుల్లో, అదే ఏడాది అక్టోబరులో, మన హెచ్. ఎం. రెడ్డిగారు తీసిన “కాళిదాసు” మద్రాసులో ఆడింది. అందులో నాయిక తమిళంలో మాట్లాడితే నాయకుడు తెలుగులో జవాబు చెప్పాడట! ఇప్పుడు వింటే నవ్వు వస్తుంది. కాని హోసూరులోనో, షోలాపూరులోనో, బరంపురంలోనో మన ఇళ్ళలో నేటికీ జరుగుతున్నది అదే కదా. మరుసటి ఏడు 1932లో “భక్త ప్రహ్లాద”తో తెలుగు టాకీ వచ్చింది; ఎవరి భాష సినిమా వారిదైపోయింది.

ఇంత చెప్పిన తరువాత “అయితే భీష్మ ప్రతిజ్ఞ చూద్దాం, పెట్టండి” అని పిల్లలు అడిగితే ఏం చెప్పాలి? అది లేదు. ప్రకాశ్ తీసిన మూకీలలో ఒక్కటీ నేటికి చూడడానికి దక్కలేదు. మనదేశంలో పదమూడు వందలకు పైగా మూకీలు తయారైతే, పూర్తిగానో తునకలుగానో మిగిలినవి ముప్పైకి అటూ ఇటూ మాత్రమే. ఆనాటి ఫిల్ము నైట్రేటుతో చేసినది. నిప్పు తగిలితే భగ్గుమంటుంది. నిప్పు తగలకపోయినా ఉక్కలో ఉంచితే జిగురై, చివరకు పొడి అవుతుంది. టాకీలు వచ్చాక మూకీలకు గిరాకీ పోయింది. పాత రీళ్ళను కరిగించి అందులోని వెండిని తీసుకున్నవారూ ఉన్నారు. పూణేలో జాతీయ చలనచిత్ర భాండాగారం 1964లో ఏర్పడేనాటికే చాలా భాగం పోయింది. మిగిలినదానిలో కొంత 2003లో పూణేలో జరిగిన అగ్నిప్రమాదంలో ఆహుతైంది.

పోయినవాటికి విచారిస్తూ కూర్చుంటే ఉన్నవాటిని కూడా చూడనివారమవుతాము. కాబట్టి చూడదగినవాటిని వరుసగా చెబుతాను.

మొదట పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చూడవలసినది ఫాల్కేగారి “కాళీయమర్దన్” (1919). ఫాల్కే పేరు చెప్పగానే 1913 మే 3న బొంబాయిలో విడుదలైన “రాజా హరిశ్చంద్ర” గుర్తుకు వస్తుంది. ఆ చిత్రం కొద్ది భాగమే మిగిలింది. “కాళీయమర్దన్” మాత్రం చాలావరకు దక్కింది. బాలకృష్ణుడు ఆయన కుమార్తె మందాకినియే, ఏడేళ్ళ పిల్ల. చిత్రం ఆరంభంలోనే ఆ పాప ముఖం తెరనిండా కనిపించి నవ్వు, కోపం, విచారం ఒకదాని వెంట ఒకటి చూపిస్తుంది. మడుగులో పాముతో పోరు జరుగుతుంటే గట్టుమీద యశోద, గోకులమంతా తల్లడిల్లుతూ ఉంటారు. నీటి అడుగున పోరు కాసేపు, గట్టుమీది ఆరాటం కాసేపు. ఈ కథ తెలియని తెలుగు నాయనమ్మ ఉండదు. ఆవిడే ఆ పూట తెర పక్కన కథ చెప్పే మనిషి కావచ్చు.

రెండవది “షిరాజ్” (1928). హిమాంశు రాయ్ నిర్మించి నటించగా, ఫ్రాంజ్ ఆస్టెన్ అనే జర్మను దర్శకుడు తీసిన చిత్రమిది. తాజమహలు కట్టడం వెనుక ఒక కల్పిత ప్రేమకథ. దారిలో దొరికిన పసిపిల్లను ఒక కుమ్మరి పెంచుతాడు. అతని కొడుకు షిరాజ్ ఆమెను ప్రాణంగా ప్రేమిస్తాడు. ఆమెను బానిసల వర్తకులు ఎత్తుకుపోయి యువరాజు ఖుర్రంకు అమ్ముతారు. షిరాజ్ వెంట వెళ్ళి పట్టుబడితే ఏనుగు పాదం కింద తొక్కించమని శిక్ష వేస్తారు. ఆ ఏనుగు కాలు పైకి లేచి ఆగిన ఘడియలో ఊపిరి బిగబట్టని ప్రేక్షకుడు ఉండడు. ఆమె చనిపోయాక ఆమె సమాధికి నమూనా చేసేది షిరాజే. తన ఊరి బిడ్డ కోసం పరాయి నగరంలో గుమ్మం దగ్గర ఏళ్ళ తరబడి కాచుకున్న మనిషి కథ ఇది. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు 2017లో దీనిని బాగుచేసి, అనౌష్కా శంకర్ సంగీతంతో ప్రదర్శించారు.

అదే జట్టు 1929లో తీసిన “ప్రపంచ పాశ్” మూడవది. భారతంలోని మాయాజూదం నుండి అల్లిన కథ. ఇద్దరు రాజులు, ఒక ముని కుమార్తె, మోసపు పాచికలు. ఏనుగులు, గుర్రాలు, వేలాది జనం నిజంగానే కెమెరా ముందు నడిచారు. మాయాజూదం ఘట్టాన్ని మన నాటకాలలో పద్యాలతో విన్నవారు, ఒక్క పద్యం లేకుండా చేతివేళ్ళతో, కంటిచూపుతో అదే ఉత్కంఠను ఎలా పుట్టించారో గమనించాలి.

నాలుగవది “మార్తాండ వర్మ” (1933). సి. వి. రామన్ పిళ్ళైగారి మళయాళ నవల ఆధారంగా, పి. వి. రావు దర్శకత్వంలో తయారైన తిరువాంకూరు చరిత్రకథ. దీని కళ కంటే దీని జాతకం విచిత్రమైనది. నవల హక్కుల తగాదాతో తిరువనంతపురంలో కొద్ది ప్రదర్శనలకే చిత్రం జప్తు అయింది. ప్రతి పుస్తక ప్రచురణకర్తల వద్ద మూలపడి ఉండగా 1974లో పూణే భాండాగారానికి చేరింది. విడిచిపెట్టి ఉంటే ఊరూరా తిరిగి అరిగిపోయి ఉండేదేమో. కోర్టు జప్తువల్లనే బ్రతికింది.

పరదేశాల చిత్రాలలో ముందుగా చెప్పవలసినది చాప్లిన్ “ది ఇమ్మిగ్రెంట్” (1917). రెండే రీళ్ళు. హాస్యచిత్రమే అయినా దీనిలోని విషాదం మనకు బాగా తెలుస్తుంది. ఓడమీద వచ్చిన వలసవారు స్వాతంత్ర్య దేవత విగ్రహాన్ని ఆశగా చూస్తుండగానే అధికారులు వారిని పశువులకు కట్టినట్టు తాడుతో అడ్డగిస్తారు. తరువాత హోటలులో చార్లీ ఆ ఓడలోని అమ్మాయిని మళ్ళీ చూస్తాడు. ఆమె చేతిలోని రుమాలుకు నల్ల అంచు ఉంటుంది. అది చూడగానే అతనికి తెలిసిపోతుంది, మనకూ తెలిసిపోతుంది: ఆమె తల్లి ఇక లేదు. ఆ దుఃఖం చెప్పడానికి ఒక్క మాట అవసరం కాలేదు.

ముర్నౌ తీసిన జర్మను చిత్రం “ది లాస్ట్ లాఫ్” (1924)లో అక్షరాల పలకలు దాదాపు లేనేలేవు. పెద్ద హోటలు వాకిట జలతారు కోటు వేసుకుని నిలబడే ముసలి కాపలాదారుడు; పేటలో అందరికీ ఆ కోటంటే గౌరవం. ముసలివాడయ్యావని అతన్ని మరుగుదొడ్ల పనికి దించుతారు. ఆ సంగతి ఇంట్లో తెలియకూడదని అతడు కోటు దొంగిలించి వేసుకుని ఇంటికి వెళతాడు. పట్నంలో చేసే పని ఒకటి, సొంత ఊరికి రాసే ఉత్తరంలో చెప్పేది ఒకటిగా బ్రతికిన మన పూర్వులు ఎందరో! ఈ చిత్రం చూస్తే వారు గుర్తుకు వస్తారు.

చివరగా డ్రేయర్ తీసిన “ది పాషన్ ఆఫ్ జోన్ ఆఫ్ ఆర్క్” (1928). చిత్రమంతా ముఖాలే. రంగు పూయని ముఖాలు. జోన్‌గా నటించిన ఫాల్కొనెట్టి కళ్ళు చూసినవారు మరచిపోలేరు. దీని అసలు నెగటివు కాలిపోయింది. దర్శకుడు తొలుత కూర్చిన రూపం ఇక లేదని అందరూ అనుకున్నాక, 1981లో నార్వేలోని ఒక మానసిక వైద్యశాల గదిలో డబ్బాలు బయటపడ్డాయి. తెరిచి చూస్తే అదే.

చూసే పద్ధతి గురించి ఒక మాట. మూకీలను ఎక్కువగా సెకనుకు పదహారు నుండి ఇరవై బొమ్మల చొప్పున తీసేవారు. టాకీ వేగం ఇరవైనాలుగు. ఆ వేగంతో ఆడిస్తే మనుషులు గెంతుతున్నట్టు కనిపించి నవ్వు వస్తుంది. తప్పు వారిది కాదు, యంత్రానిది. కనుక బాగుచేసిన ప్రతినే వెదికి చూడండి. ఒంటరిగా చూడకండి, పెద్దలు, పిల్లలు కలిసి చూడండి. పలకలు పిల్లలు చదవాలి, కథ పెద్దలు తెలుగులో చెప్పాలి. ఆ ఒక్క సాయంత్రం మన ఇల్లే పాతకాలపు డేరా అవుతుంది, మన తెలుగుకు కాస్త పని దొరుకుతుంది.

మరొక మనవి. నార్వేలో గదిలో దొరికినది, తిరువాంకూరులో జప్తుగా దాగినది, మన పూర్వుల ట్రంకుపెట్టెలలో దాగి ఉండకూడదని ఏమున్నది? వెంకయ్యగారి బొమ్మలు ఊరూరా తిరిగాయి. సినిమా డేరాలలో, హాళ్ళలో పనిచేసినవారి సంతతి మనలోనూ ఉండవచ్చు. పాత కరపత్రం, నటుల ఛాయాచిత్రం, తుప్పుపట్టిన డబ్బా ఏది కనిపించినా చెత్తలో పారవేయకండి. డబ్బాలో ఫిల్ము ఉంటే దానిని నిప్పు దగ్గరకు తీసుకువెళ్ళకుండా, విప్పకుండా, పూణే భాండాగారం వారికి కబురు చేయండి. అందులో భీష్ముడు ఉంటాడని ఆశపెట్టలేను. కాని వెదకనివారికి ఏదీ దొరకదు.

ఉగాది పచ్చడిలో చేదును తీసివేసి తినము. పోయిన చిత్రాల చేదును, మిగిలినవాటి తీపిని కలిపే ఈ ఏడు ఆస్వాదిద్దాం. అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.