మరపుకు మందు వెతకడం మానుకున్నాక

తలకు గట్టి దెబ్బ తగిలినవాళ్లు బతకడమే అరుదైన రోజుల్లో, బతికాక వాళ్లకు ఏం గుర్తుంటుందన్న ప్రశ్న వైద్యులకు పెద్దగా ఎదురుకాలేదు. మొదటి ప్రపంచయుద్ధం ఆ పరిస్థితిని మార్చింది. పుర్రెలోకి తూటా దిగినా ప్రాణం నిలిచిన యువకులు యూరప్ ఆసుపత్రుల్లో పెద్ద సంఖ్యలో తేలారు. వాళ్లలో చాలామంది నడిచేవారు, మాట్లాడేవారు, అన్నం తినేవారు. పొద్దున విన్న మాట మాత్రం మధ్యాహ్నానికి నిలిచేది కాదు. అలాంటివారిని మళ్లీ బతుకులో నిలబెట్టే పని అప్పుడే ఒక వృత్తిగా మొదలైంది. దానికిప్పుడు వందేళ్లు దాటాయి. ఆ వందేళ్లనూ వరసగా చూస్తే ఒక సంగతి తేలుతుంది. పోయిన జ్ఞాపకశక్తిని వెనక్కి రప్పించాలన్న పట్టుదల సడలి, మిగిలినదాన్ని ఆసరా చేసుకుని బతుకును సర్దడం మొదలైన ప్రతిసారీ రోగి ఒక అడుగు ముందుకు వేశాడు. ఇది ఓటమిని ఒప్పుకోవడం అనిపిస్తుంది. కానీ ఈ రంగం సాధించిన గెలుపుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉన్నాయి.

జర్మనీలో కుర్ట్ గోల్డ్‌స్టైన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో మెదడు గాయాలైన సైనికుల కోసం ఒక సంస్థ నడిపాడు. అక్కడ చికిత్స, పరిశోధన, చేతిపనుల శిక్షణ కలిసి సాగేవి. తన రోగుల్లో అతను గమనించిన ఒక అలవాటు ఈ చరిత్రకు చాలా ముఖ్యం. వాళ్లు వస్తువులను మితిమీరిన క్రమంతో సర్దుకునేవారు. ఒక్కటి అటూఇటూ అయినా కలవరపడేవారు. పైకి ఇదొక జబ్బు లక్షణంలా కనిపిస్తుంది. గోల్డ్‌స్టైన్ మాత్రం దీన్ని ఆత్మరక్షణగా చదివాడు. తన శక్తికి మించిన పని ఎదురైతే అలాంటి మనిషి ఒక్కసారిగా చెదిరిపోతాడు. ఆ స్థితి రాకుండా చూసుకోవడానికే తన చుట్టూ ఉన్న లోకాన్ని చిన్నదిగా, మారనిదిగా ఉంచుకుంటాడు. అంటే, తల మోయలేనిదాన్ని గదికి అప్పజెప్పే పద్ధతిని వైద్యులు నేర్పకముందే రోగులు కనిపెట్టుకున్నారు. తర్వాత వచ్చిన నిపుణులు చేసింది చాలావరకు దాన్ని పద్ధతిగా మార్చడమే.

రెండో ప్రపంచయుద్ధంలో అలెగ్జాండర్ లూరియా దక్షిణ యూరల్ ప్రాంతంలో ఇలాంటి ఆసుపత్రినే నడిపాడు. అతని రోగుల్లో అందరికన్నా ఎక్కువగా లోకానికి తెలిసినవాడు జాసెట్స్కీ. 1943 మార్చిలో స్మోలెన్స్క్ వైపు జరిగిన పోరులో తూటా అతని మెదడు ఎడమ వెనక భాగాన్ని ఛిద్రం చేసింది. చదువు పోయింది, మాటలు సమయానికి దొరకవు, చూపులో కుడివైపు మాయమైంది. అక్షరాన్ని గుర్తుచేసుకుని రాయబోతే చెయ్యి ఆగిపోయేది. అక్షరం గురించి ఆలోచించకుండా, పెన్సిల్ ఎత్తకుండా ఒక్క ఊపున రాయమని డాక్టరు చెప్పాక మాట కాగితం మీద పడింది. బుద్ధి మరిచినది చేతికి తెలుసు. ఆ దారిన అతను దాదాపు పాతికేళ్లలో మూడు వేల పేజీలు రాశాడు. తాను రాసినదాన్ని తానే సరిగా చదువుకోలేని మనిషి రాసిన పేజీలవి. వాటి ఆధారంగా లూరియా 1971లో పుస్తకం వేశాడు. జాసెట్స్కీకి పాత మతి తిరిగి రాలేదు. అయినా తన గతాన్ని తుంపులు తుంపులుగా ఏరి వరసలో పెట్టుకోవడానికి, ఇంకా పనికొస్తానని తనకు తాను నమ్మకం తెచ్చుకోవడానికి ఆ రాత అతనికి ఆధారమైంది.

చేతికి వేరే జ్ఞాపకం ఉందన్నది అప్పటికి గమనింపు మాత్రమే. దానికి రుజువు అమెరికా నుంచి వచ్చింది. 1953లో మూర్ఛ తగ్గించడానికి హెన్రీ మొలైసన్ మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ భాగాలను సర్జన్ తొలగించాడు. ఆ తర్వాత అతనికి కొత్త సంగతి ఏదీ నిలవలేదు. అయితే అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం నేర్పినప్పుడు, బ్రెండా మిల్నర్ పరీక్షల్లో అతని చెయ్యి రోజురోజుకూ మెరుగైంది. నేర్చుకున్నానన్న ఎరుక మాత్రం లేదు. ఇది శస్త్రచికిత్స కథ, ప్రమాదం కథ కాదు కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రోడ్డు ప్రమాదంలో దెబ్బ ఒక్కచోట ఆగదు. ముందు మెదడు కూడా నలుగుతుంది కాబట్టి చొరవ తగ్గుతుంది, తనకు మరపు ఉందన్న గ్రహింపే కొందరికి ఉండదు. కానీ 1981లో కెనడాలో మోటారుసైకిల్ ప్రమాదంలో గాయపడ్డ కెంట్ కాక్రేన్‌ను ఎండెల్ టుల్వింగ్ బృందం ఏళ్ల తరబడి పరీక్షించినప్పుడు కూడా ఇలాంటి చీలికే కనిపించింది. తన జీవితంలో జరిగిన ఒక్క ఘటననూ అతను మళ్లీ తలపోసుకోలేడు. ఓపికగా నేర్పితే కొత్త విషయాలు మాత్రం ఎక్కాయి. జ్ఞాపకం ఒక్క ముద్ద కాదు. ఒక భాగం పోయినా మరో భాగంతో పని నడపవచ్చు.

ఈ ఎరుకను దినచర్యగా మార్చినది బ్రిటన్. ఎడిన్‌బరోలో గాయపడ్డ సైనికులతో పనిచేసిన ఆలివర్ జాంగ్‌విల్ 1947లోనే పునరావాసాన్ని మూడు దారులుగా విడదీశాడు: లోటును సర్దుకోవడం, బదులు మార్గం పట్టడం, పోయిన శక్తికే నేరుగా సాధన చేయించడం. అతని పేరుతో బార్బరా విల్సన్ 1996లో ఈలీ పట్టణంలో కేంద్రం స్థాపించింది. తీవ్రమైన మరపు ఉన్నవారు తప్పు చేసి దిద్దుకోలేరని, తప్పే అలవాటుగా పాతుకుంటుందని ఆమె, అలన్ బ్యాడ్లీ 1994లో చూపారు. అందుకే ఊహించి చెప్పమనకుండా, తప్పుకు చోటివ్వకుండా నేర్పే పద్ధతి నిలిచింది. నోటుపుస్తకం తెరవడం కూడా అలాగే నేర్పవలసిన అలవాటే. పుస్తకం చేతికిచ్చి గుర్తుంచుకుని చూడమంటే లాభం లేదు, ఆ గుర్తే కదా లేనిది.

ఇక్కడ వినిపించే అభ్యంతరం పాతది: ఊతకర్ర ఇస్తే కాలు ఇంకా బలహీనపడదా? 2001లో విల్సన్ బృందం 143 మందితో చేసిన పరీక్ష దీనికి జవాబు చెబుతుంది. మందు వేసుకో, తలుపు తాళం వెయ్యి వంటి సందేశాలు సమయానికి పేజర్‌లో మోగేలా చేశారు. పరీక్ష పూర్తిచేసినవారిలో 80 శాతానికి పైగా తమ పనులు ముందుకన్నా చెప్పుకోదగినంత బాగా చేసుకున్నారు. పేజర్ తిరిగి ఇచ్చేసిన ఏడు వారాల తర్వాత కూడా వాళ్లలో ఎక్కువమందికి ఆ మేలు నిలిచింది. సాయం చేస్తూ చేస్తూ ఆ పేజర్ దినచర్యనే నేర్పింది. మరి తొందరపడి ఆశ వదిలేస్తున్నామా? అదీ కాదు. దెబ్బ తర్వాత రోజువారీ సంగతులు మళ్లీ వరసగా గుర్తుండడానికి ఎంతకాలం పడుతుందో, గాయం తీవ్రతకు అదే మంచి కొలత అని వైద్యుడు రిచీ రసెల్ చూపాడు. గంటలోపు అయితే తేలిక, వారం దాటితే చాలా తీవ్రం. మొదటి నెలల్లో మెదడు తనంతట తాను కోలుకునేది కొంత ఉంటుంది. ఆ కాలంలోనూ నోటుపుస్తకం అడ్డు రాదు. మాటల జాబితాలు బట్టీపట్టించే సాధనలతో చాలావరకు ఆ జాబితాలే వస్తాయి, ఇంటి పనుల్లో గుర్తు పెరగదు.

ఈ చరిత్ర మనకు ఎందుకంటే, 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో నూటికి 44 మందికి పైగా ద్విచక్రవాహనాల మీదివారే. బతికిన క్షతగాత్రులు విడిగా ఉన్నారు. ఆసుపత్రి ప్రాణం నిలిపి ఇంటికి పంపుతుంది, ఆపైన గుర్తుపెట్టుకునే పని తల్లిదో భార్యదో అవుతుంది. ఇంట్లోవాళ్లు ఉండగా పుస్తకమెందుకని మన దగ్గర సహజంగానే అంటారు. నిజమే, ఆ ఆసరాకు సాటి లేదు. కానీ అన్నీ ఆమే గుర్తుచేస్తే అతను తన పని తాను చేసుకునే అవకాశం పోతుంది. పదిసార్లు అదే జవాబు చెప్పిన మనిషి అలసి విసుక్కుంటుంది. ఎందుకు విసుక్కుందో అతనికి తెలియదు, బాధ మాత్రం మిగులుతుంది. గోడ మీద పలక, ఫోనులో అలారం, తాళాలకు ఒకే కొక్కెం, అందరూ రాసే ఒకే పుస్తకం: వీటికి ఖర్చు దాదాపు లేదు, కావలసింది నేర్పే ఓపిక. డిశ్చార్జి రోజున మందుల చీటీతోపాటు ఈ పద్ధతిని కూడా కుటుంబానికి కూర్చోబెట్టి నేర్పి పంపాలి. మతి ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకు ఏ డాక్టరూ కచ్చితంగా జవాబు చెప్పలేడు. రేపటి పని అతను తనంతట తాను ఎలా చేసుకోవాలన్న దానికి మాత్రం వందేళ్లుగా కూడిన జవాబులున్నాయి.