మూడు పౌనుల తలపన్ను



పన్ను అనునది మన గ్రామముల పెద్దలకు క్రొత్త విషయము కాదు. భూమికి శిస్తు కట్టితిమి. కాలువనీటికి తీరువ కట్టితిమి. పూర్వకాలమున మగ్గము నేసినవారును, గానుగ ఆడినవారును మొహతర్ఫా కట్టిరి. పంట చెడిన యేట వజా యిప్పింపుడని జమాబందిలో అర్జీ పెట్టుకొనుటయు మన మెరిగినదే. ఈ పన్నులు భారమైనవే యైనను వాని కొక ఆధారమున్నది: నేలయో, నీరో, చేతిపనియో. నేడు నేను మనవిచేయబోవు పన్నునకు అట్టి ఆధారమేదియు లేదు. కూలికై సముద్రము దాటిపోయిన మనవారు ఆ పరదేశమున నిలిచియున్నందులకే, తలకు ఇంత యని, యేటేట చెల్లింపవలసివచ్చిన పన్ను అది. దాని చరిత్ర వినినచో, పనికొరకు దేశాంతరము పోవువాడు బయలుదేరుటకు ముందే ఏమేమి అడిగి తెలిసికొనవలెనో బోధపడగలదు.

దక్షిణాఫ్రికా తూర్పుతీరమున నేటాలు అను ఆంగ్లేయుల వలసరాజ్య ముండెడిది. అచ్చటి దొరలు చెరకుతోటలు వేసిరి గాని, తోటపనికి చాలినంతమంది కూలీలు వారికి స్థానికముగా దొరకలేదు. అందుచే హిందూదేశమునుండి ఒప్పందముమీద కూలీలను రప్పించుకొనిరి. ట్రూరో అను ఓడ మదరాసునుండి మొదటి జట్టును ఎక్కించుకొని 1860 నవంబరు 16వ తేదీన డర్బన్ రేవు చేరెను. నాటినుండి 1911 వరకు, నడుమ కొన్నియేండ్లు ఆగినను, ఇంచుమించు 1,52,000 మంది ఇట్లు పోయిరి. అందు మూడింట రెండుపాళ్లు మదరాసు రేవునుండి పోయినవారే. వారిలో అరవవారితోపాటు గంజాము, విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతముల తెలుగువారును పెక్కం డ్రుండిరి.

ఒప్పందము అయిదేండ్లకు. మగవానికి మొదటి యేట నెలకు పది షిల్లింగులు. ఏటి కొక షిల్లింగు చొప్పున పెరిగి అయిదవ యేట పదునాలుగు. ఆడుదానికి అందు సగము. తిండిగింజలును, ఉండుటకు గుడిసెయు తోటవారే యిత్తురు. ఒప్పందము తీరిన పిమ్మట కూలివాడు స్వేచ్ఛగా నుండవచ్చును. మొత్తము పదియేండ్లు గడచినచో తిరుగు ప్రయాణపు ఖర్చు ప్రభుత్వమువారే భరింతురు. తిరుగు ప్రయాణమునకు బదులుగా కొంత భూమి యిచ్చుటకు 1870లో ఒక శాసనము చేసిరి గాని, దానిని 1891లో తీసివేసిరి.

ఒప్పందము తీరినవారు అనేకులు అచ్చటనే నిలిచిరి. కూరగాయలు, మొక్కజొన్న పండించి బజారులో అమ్మిరి, చేపలు పట్టిరి, చిన్న దుకాణములు పెట్టిరి. ఇది తెల్లవారికి కంటగింపాయెను. మనవాడు కూలిగా కావలెను, పొరుగువాడుగా అక్కరలేదు. 1893లో నేటాలు తెల్లవారికి స్వపరిపాలన లభింపగా, ఒప్పందము తీరినవారిని వెనుకకు పంపివేయు మార్గము కుదుర్చుటకై వారు ప్రతినిధులను హిందూదేశమునకు పంపిరి. తలకు 25 పౌనులు విధింపదలచిరని గాంధీగారు తమ ఆత్మకథలో వ్రాసియున్నారు. 1894లో స్థాపింపబడిన నేటాలు ఇండియను కాంగ్రెసు ఈ యత్నము నెదిరించెను. తుదకు రాజప్రతినిధి ఎల్గిన్ ప్రభువు మూడు పౌనులకు సమ్మతించెను. ఇదియే 1895వ సంవత్సరపు 17వ శాసనము.

ఆ శాసనమును బట్టి, అటుపిమ్మట వచ్చిన కూలివానికి అయిదేండ్లు తీరగానే మూడు మార్గములు మాత్రమే మిగిలెను. తిరిగి స్వదేశము పోవలెను. లేదా మరల ఒప్పందమునకు కట్టుబడవలెను. రెండును కాదన్నచో, నిలిచియుండుటకు అనుమతిపత్రము తీసికొని ఏటికి మూడు పౌనులు చెల్లింపవలెను. ఒప్పందపు అయిదేండ్లు గడచిన తరువాతనే దీని బరువు తెలియవలసియుండుటచే, 1901వ సంవత్సర ప్రాంతమునుండి మనవారు దీనిక్రింద నలుగసాగిరి. 1903లో మరియొక శాసనము చేసి, పదునారేండ్లు నిండిన మగపిల్లలకును, పదుమూడేండ్లు నిండిన ఆడుపిల్లలకును ఇదే పన్ను విధించిరి.

ఇప్పుడొక సంసారపు లెక్క వేసి చూతము. కాగితము అక్కరలేదు, వ్రేళ్లమీదనే తేలును. అయిదవ యేటి జీతము నెలకు 14 షిల్లింగులు, ఏడాదికి 168. మూడు పౌనులనగా 60 షిల్లింగులు; నాటి మారకమున 45 రూపాయలు. అది నాలుగునెలల జీతమునకు మించిన సొమ్ము. ఆలుమగ లిరువురకు 120. యుక్తవయస్సు వచ్చిన కొడుకొకడు, కూతురొకతె యున్నచో 240. అనగా, తండ్రి యేడాది జీతము గవ్వ మిగులకుండ కట్టివేసినను ఇంకను 72 షిల్లింగులు బాకీయే. స్వేచ్ఛగా పనిచేయువాడు కొంత యెక్కువ కూలి తెచ్చుకొనవచ్చును గాని, తోటవారిచ్చు తిండిగింజలును గుడిసెయు ఒప్పందముతోనే పోయెను గదా!

ఈ లెక్క చూచినపుడు నాకు తోచునదేమన, ఈ పన్ను ఖజానా నింపుటకై పుట్టినది కాదు. కట్టగలవాని యెడ వసూలు చేయదలచినచో ఆదాయమును బట్టి విధించియుందురు. కట్టలేనివాడే దీనికి గురి. కట్టలేనివాడు మరల తోటకు పోయి వ్రేలిముద్ర వేయును, లేదా ఓడ యెక్కును. వ్రేలిముద్ర వేసినంతకాలము పన్ను లేదు. మన పల్లెలలో అప్పు తీరని పాలేరు ఏటేట అదే కామందు గడప ద్రొక్కుట పెద్దలు చూచియుందురు. అచ్చట అప్పునకు బదులు శాసనమే ఆ పని చేసెను.

పన్ను నిబంధన ఒప్పందపత్రమున వ్రాసియే యున్నదనియు, కూలివాడు దాని కొప్పుకొనియే వచ్చెననియు తెల్లవారు వాదించిరి. చదువురానివానికి అయిదేండ్ల వెనుక రాబోవు మూడు పౌనుల బరువు మదరాసులోని కూలీల డిపోలో నెట్లు తెలియును? అదియు నట్లుండనిండు. ఒప్పందముతో సంబంధమే లేని పదుమూడేండ్ల బాలిక దేని కొప్పుకొన్నది? ఈ ప్రశ్నకు నేటాలువారియొద్ద సమాధానము లేకుండెను. పన్ను బాకీపడినవారిని న్యాయాధికారులయెదుటికి ఈడ్చిరి. కోర్టు ఉత్తరువు చెల్లింపలేదని కొందరిని చెరసాలకును పంపిరి.

హిందూదేశ ప్రభుత్వము 1911 జూలై 1వ తేదీనుండి నేటాలునకు కూలీలను పంపుట మానెను. మరుసటి యేట గోపాలకృష్ణ గోఖలేగారు దక్షిణాఫ్రికాకు పోయి, ప్రిటోరియాలో మంత్రులైన బోథా, స్మట్సులతో మాటలాడి, పన్ను పోవునని నమ్మి వచ్చిరి. 1913లో స్మట్సు తానట్టి మాట ఇయ్యలేదనెను. ఆ అక్టోబరులో ట్రాన్సువాలునుండి వచ్చిన స్త్రీలు, మారిషసులో పుట్టిన తంబి నాయుడుగారు మొదలగువారు న్యూకాసిల్ బొగ్గుగనులయొద్దకు పోయి పన్నును గూర్చి చెప్పగా, గనికూలీలు పని మానిరి. నవంబరు 6వ తేదీన 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు గాంధీగారి వెంట ట్రాన్సువాలు సరిహద్దు దాటి నడచిరి. గాంధీగారిని నిర్బంధించిరి, కూలీలను రైళ్లలో వెనుకకు త్రోలి గనులనే చెరసాలలు గావించిరి. అంతలో సమ్మె సముద్రతీరపు చెరకుతోటలకు ప్రాకెను. పోలీసుల కాల్పులలో కొందరు ప్రాణములు గోల్పోయిరి. మదరాసులో హార్డింజి ప్రభువే వారియెడ బహిరంగముగా సానుభూతి చూపెను. సొలొమను గారి విచారణసంఘము పన్ను తీసివేయవలెనని 1914 మార్చిలో నివేదించెను. ఆ యేటనే చేసిన శాసనమువలన పన్నును, వెనుకటి బాకీలును రద్దయ్యెను. అయితే అదే శాసనమున, ఉచితముగా స్వదేశము చేరగోరువాడు నేటాలులో నివసించు హక్కు వదలుకొనవలెనని యొక నిబంధనయు నుండెను. కాగితమును కడవరకు చదువవలె ననుటకు ఇదియు నొక నిదర్శనము.

నేడు మన యూళ్లనుండి గల్ఫు దేశములకు, అమెరికాకు, సింగపూరునకు పిల్లలు పోవుచున్నారు. కాలము మారినది. ఒకే ఆదాయముమీద రెండు దేశములు రెండుమారులు పన్ను గొనకుండ మన ప్రభుత్వము పెక్కు దేశములతో ఒడంబడికలు చేసికొన్నది. అయినను, "జీతమెంత?" అని అడిగి ఊరకుండుట చాలదు. ఆ జీతమునుండి ఏ ప్రభుత్వము ఎంత పట్టుకొనును? ఒప్పందము తీరిననాడు నిలుచుటకో, మరలివచ్చుటకో హక్కున్నదా? ఆలుబిడ్డలు వెంట పోయినచో వారిమీద ఏ నిబంధన పడును? ఇంటి పెద్దలు ఈ మూడు ప్రశ్నలను వీడ్కోలునాటికి ముందే అడిగింపవలెను. నేటాలు పోయినవారికి ఆ అవకాశము లేకపోయెను. పదుమూడేండ్ల పాపల తలకు సహితము పన్ను కట్టి, తుదకు దానిని తామే తీయించుకొన్న ఆ కూలీలను తలచుకొనుచు ఇంతటితో ముగించుచున్నాను.