లేదు – ఎఱుగము

"లేదు" అను మాటయు "ఎఱుగము" అను మాటయు దగ్గఱవానివలె దోచినను వాని నడుమ నల్లమలయంత యంతరము కలదు. మొదటిది లోకమును గూర్చిన తీర్పు. రెండవది మనలను గూర్చి మనము చెప్పుకొను సత్యము. ఎఱుగమనవలసిన చోట లేదనుటవలన నెట్టి యపచారము గలుగునో మన పాలమూరుసీమ చరిత్రయే సాక్ష్యము చెప్పుచున్నది.

నైజాము రాష్ట్రమున నాంధ్రకవులు పూజ్యమని యొక పండితుడు పూర్వము వ్రాసెను. ఆయన యెఱిగిన కవులు లేకపోవచ్చును. కాని తన యెఱుకకు హద్దయిన చోట దేశమునకే హద్దు గీచెను. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములు కవిపండితుల నాదరించిన సీమను గూర్చి యీ మాట! గద్వాల ప్రాంతమున ఇటిక్యాలపాడు వాస్తవ్యులైన సురవరము ప్రతాపరెడ్డిగారు దీనికి వాదముకంటె బలమైన యుత్తరమిచ్చిరి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన యాయనయే 1934లో 354 మంది కవులతో "గోలకొండ కవుల సంచిక"ను వెలువరించిరి.

ఇతరుల యజ్ఞానమును చూపుట సులభము. తన యజ్ఞానమును తాను చూపుట కష్టము. రెడ్డిగారు రెండవ పనియు చేసిరి. 1949లో వెలువడిన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో ప్రాచీన కావ్యములనుండి ఆటలు, వంటకములు, వస్త్రములు, నగలు మొదలగువాని పేర్లనేఱి మన పూర్వులెట్లు బ్రదికిరో చెప్పబూనిరి. అట్టి పదములకడ మన నిఘంటువులు తఱచుగా "క్రీడావిశేషము", "భక్ష్యవిశేషము" అని వ్రాసి దాటిపోవును. అదియు తెలియదనుటయే, కాని తెలిసినట్లు వేషము వేసికొన్న తెలియమి. రెడ్డిగారు దానిని మెచ్చక, అర్థము దొరకని చోట తమకు తెలియలేదని తేటగా వ్రాసిరి. "విశేషము" అన్నచో తలుపు మూసికొనును. తెలియదన్నచో తెలిసినవాడు లోనికి రాగలడు. ఇట్లొప్పుకొనుటచే నా గ్రంథమునకు కొఱత కలుగలేదు. ఆయన 1953లో కీర్తిశేషులైన పిదప, 1955లో, తెలుగున తొలి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము దానికే లభించెను.

ఈ పాఠము మాకు పుస్తకమున తెలిసినను, ఒంటబట్టినది మన్ననూరిలోనే. చెంచులు కొండచఱియలనుండి తేనె తీయుటను గూర్చి మేము కొన్ని పద్యములల్లితిమి. అందు క్రిందికి దిగువానికి సహోదరుడు త్రాడు పట్టుకొనును; రామలక్ష్మణులతో ఉపమ కుదిరినదని మురిసితిమి. ఒక చెంచు పెద్దకు చదివి వినిపింపగా నతడు నవ్వి, "పద్దెం మంచిగుంది సారూ. గాని తాడు పట్టేది అన్నదమ్ముడు కాదు, బావమర్ది. తోడబుట్టినదాని బొట్టు పోతదని వాడు పానం బెట్టి పట్టుకుంటడు" అనెను.

ఆ మాట మాకు వెంటనే మింగుడుపడలేదు. సంస్కృతాంగ్లములు చదివినవారికి అక్షరమెఱుగనివాడు తప్పు దిద్దుటయా యని యొక నిమిషము మనసు చివుక్కుమన్నది. పిదప సిగ్గుపడితిమి. తోబుట్టువు బొట్టుకొఱకు బిగిసిన యా చేతులలోనున్న రసము మా యుపమలో లేదు. పద్యములు కొట్టివేసి మఱల వ్రాసితిమి.

మన యిండ్లలో బిడ్డ యడిగిన ప్రశ్నకు తెలియదని చెప్పు తండ్రులెందఱు? వ్రాసినదానిని అచ్చునకు పంపకముందు ఇల్లాలికి, ఇంటి పనివానికి చదివి వినిపించు కవులెందఱు? తప్పు చూపినవాని మీద మనము కోపింతుము. నిజమునకు మనము చఱియనుండి దిగుచుండగా త్రాడు పట్టుకొన్నవాడతడే.