ఇంటిల్లిపాదికీ ఒక బండి: మదరాసు తెలుగువాళ్ళ కార్ల కథ



ఈమధ్య మన సంఘం కూడికల్లో ఒకే ప్రశ్న తరచుగా వినబడుతోంది. "ఎస్‌యూవీ కొందామనుకుంటున్నాం, ఏది తీసుకుంటే మంచిది?" అని. పిల్లలు ఫోనులో వీడియోలు చూసి హార్స్‌పవర్ సంగతి చెబుతారు. బ్యాంకువాళ్ళు నెల కిస్తీ చెబుతారు. షోరూమ్‌వాళ్ళు సన్‌రూఫ్ చూపిస్తారు. ఇంట్లో పెద్దవాళ్ళు మాత్రం నోరు మెదపరు, ఎందుకంటే వాళ్ళని ఎవరూ అడగరు.

మేము రైల్వేలో గుమాస్తా పని చేసి రిటైరైనవాళ్ళం. బళ్ళో తమిళం చదివి, ఇంట్లో పెద్దబాలశిక్ష పట్టుకొని తెలుగు నేర్చుకున్న తరం. కార్ల నిపుణులం కాము. కాని ఉద్యోగం నేర్పిన అలవాటు ఒకటి ఉంది. గూడ్సు వ్యాగను కనిపిస్తే ముందు దాని పక్కన పెయింటుతో రాసిన అంకెలు చదువుతాము. ఖాళీ బరువు ఎంత, మోయగలిగే బరువు ఎంత అని అక్కడే రాసి ఉంటుంది. కారు మీద అలా ఎవరూ రాయరు. ఆ లెక్క మనమే వేసుకోవాలి. వేగం, చోటు, ఖర్చు అనే ఈ మూడు ముళ్ళ లెక్క ఈనాటిది కాదు. మన ఊళ్ళో దీనికి చాలా పెద్ద చరిత్ర ఉంది. అది తెలిస్తే షోరూమ్‌లో కాస్త ధైర్యంగా కూర్చోవచ్చు.

మౌంట్ రోడ్డు సింప్సన్ కంపెనీలో 1903లోనే ఆవిరితో నడిచే కారు తయారైంది. అంటే మదరాసుకి బండి కట్టడం కొత్త విద్య కాదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో అశోక్ మోటార్స్ పుట్టింది. ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించింది. అదే తర్వాత అశోక్ లేలాండ్ అయి లారీలకీ బస్సులకీ మళ్ళింది. వండలూరు వైపు స్టాండర్డ్ మోటార్ కంపెనీ వెలిసింది. 1950ల్లో ప్రభుత్వం "ఇక్కడే తయారుచేసేవాళ్ళే ఉండండి" అన్నప్పుడు ఫోర్డ్, జనరల్ మోటార్స్ రెండూ సర్దుకొని వెళ్ళిపోయాయి. మిగిలినవి మూడే మూడు: కలకత్తా అంబాసడర్, బొంబాయి ఫియట్, మన మదరాసు స్టాండర్డ్.

సరిగ్గా ఆ రోజుల్లోనే మన కుటుంబాలకి బండి అవసరం పెరిగింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. దానికోసం పొట్టి శ్రీరాములుగారు ప్రాణం విడిచిన ఇల్లు మన రాయపేట హైరోడ్డులోనే ఉంది. రాష్ట్రం వచ్చింది, మదరాసు రాలేదు. మైలాపూరులో ఉన్న తెలుగు ఇళ్ళకి చుట్టాలు సగం ఇటు, సగం అటు అయ్యారు. పెళ్ళి నెల్లూరులో, తలనీలాలు తిరుమలలో, ఉద్యోగం మౌంట్ రోడ్డులో. మాలాంటి రైల్వేవాళ్ళకి పాసులుండేవి కనుక గడిచిపోయింది. మిగతావాళ్ళకి కారంటే డాబు మాత్రమే కాదు, సరిహద్దుకి అవతల ఉన్న పుట్టింటిని పోగొట్టుకోకుండా ఉండే ఉపాయం.

ఆ మూడు కార్లూ మూడు రకాల జవాబులు. అంబాసడర్ చోటు ఇచ్చింది. పాత మోడళ్ళలో ముందు సీటు బెంచీలాగా ఒకే పలక, గేరు కర్ర స్టీరింగు పక్కన. కాబట్టి ముందు ముగ్గురు, వెనక నలుగురు, ఒడిలో ఇద్దరు పిల్లలు. ఫియట్ పెట్రోలు తక్కువ తాగేది, సందుల్లో సులువుగా తిరిగేది. 1961లో వచ్చిన స్టాండర్డ్ హెరాల్డ్ చూడడానికి ముచ్చటైనది. దానికి మొదట రెండే తలుపులు. మన దేశంలో కుటుంబాలు వెనక సీటుకి వంగి దూరలేక ఇబ్బంది పడుతుంటే 1968లో నాలుగు తలుపుల హెరాల్డ్ చేశారు. ఆ నాలుగు తలుపుల రకం ఇంగ్లండులో లేదు. ఇంట్లో ముసలమ్మ ఎక్కగలదా అన్న ప్రశ్న ఒక కారు ఆకారాన్నే మార్చిందన్నమాట. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక వేగం, శక్తి. మన తెలుగువాళ్ళకి బండి శక్తిని పరీక్షించే చోటు ఒకటే, తిరుమల ఘాట్ రోడ్డు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు, రెండోది 1974లో వచ్చింది. ఇప్పుడు పాతదానిలో దిగుతాం, కొత్తదానిలో ఎక్కుతాం. అంబాసడర్ పెట్రోలు ఇంజను 1,489 సీసీ, శక్తి 50 హార్స్‌పవర్ పైన కొద్దిగా. దానితోనే ఎనిమిది మందిని ఎక్కించుకొని కొండెక్కారు. దారిలో బానెట్ ఎత్తి, ఇంజను చల్లారాక నీళ్ళు పోసి, గోవిందా అని మళ్ళీ బయలుదేరేవారు. ఈనాడు అతి చిన్న ఎస్‌యూవీకి కూడా అంతకంటే ఎక్కువ శక్తి ఉంది. పైగా దేవస్థానం నిబంధన ప్రకారం ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తక్కువ కాకుండా పట్టాలి. అంతకంటే ముందు చేరితే జరిమానా. అందుచేత సున్నా నుంచి నూరు కిలోమీటర్ల వేగం ఎన్ని సెకన్లలో అందుకుంటుందన్న గొప్ప మన ప్రయాణానికి అక్కర రాదు. నిండా మనుషులతో రెండో గేరులో మలుపు తిరిగి మళ్ళీ ఎక్కగలదా, దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కకుండా గేరులోనే పట్టుకొని దిగవచ్చా అన్నవే అసలు ప్రశ్నలు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. ఖర్చు తగ్గింది, చోటూ తగ్గింది. కుటుంబం అన్న మాటకి అర్థం అప్పుడే మారింది: అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు. తాతయ్య, నాయనమ్మ లెక్కలోంచి జారిపోయారు. ఆ లోటు పూడ్చడానికి కొందరు మారుతి వ్యాను కొన్నారు. తర్వాత 1994లో టాటా సుమో, 2000లో టయోటా క్వాలిస్, 2005లో ఇన్నోవా వచ్చాయి. సుమో, క్వాలిస్ టాక్సీ బళ్ళని పేరుపడ్డాయి గాని, ఉమ్మడి కుటుంబాలని మళ్ళీ ఒక బండిలోకి చేర్చింది అవే. 1991లోనే టాటా సియెర్రా వచ్చింది. చూపుకి రాజసం, కాని వెనక సీటుకి తలుపే లేదు. హెరాల్డ్ నేర్పిన పాఠం ముప్పై ఏళ్ళకి మరుగున పడింది.

ఇప్పుడు పన్నుల కథ. బండి ఆకారాన్ని ఇంజనీర్లు మాత్రమే నిర్ణయిస్తారనుకోకండి. 2006 కేంద్ర బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1,200 సీసీ, డీజిలైతే 1,500 సీసీ మించని కార్లకి ఎక్సైజు పన్ను 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. అప్పటినుంచి కంపెనీలన్నీ టేపు పట్టుకొని కూర్చున్నాయి. మన మరైమలైనగర్‌లో 2013 నుంచి తయారైన ఫోర్డ్ ఎకోస్పోర్ట్ పొడవు 3,999 మిల్లీమీటర్లు! ఆ ఒక్క మిల్లీమీటరు తగ్గింపు కస్టమరు కోసం కాదు, పన్ను కోసం. కోత పడింది ఎక్కడో వేరే చెప్పాలా? డిక్కీలో, వెనక సీటు కాళ్ళ దగ్గర. అదే 2013లో నాలుగు మీటర్లు, 1,500 సీసీ, 170 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ అన్న కొలతలు దాటిన ఎస్‌యూవీల పన్ను 27 నుంచి 30 శాతానికి పెంచారు. జీఎస్‌టీ వచ్చాక పెద్ద ఎస్‌యూవీ మీద సెస్సుతో కలిపి 50 శాతం దాకా వెళ్ళింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు తీసేశారు. చిన్న కార్లకి 18 శాతం, ఆ కొలతలు దాటితే 40 శాతం, విద్యుత్ కార్లకి 5 శాతం.

దీనిమీద మన రాష్ట్రం రోడ్డు పన్ను వేరు. 2023 నవంబరు నుంచి ధర 5 లక్షల పైన 10 లక్షల దాకా 13 శాతం, 10 పైన 20 లక్షల దాకా 18 శాతం, అంతకు మించితే 20 శాతం. గుమాస్తా లెక్క వేసి చూపిస్తాము. 9 లక్షల 90 వేల బండికి రోడ్డు పన్ను 1,28,700 రూపాయలు. 10 లక్షల 10 వేల బండికి 1,81,800. ధరలో తేడా ఇరవై వేలు, పన్నులో తేడా యాభై మూడు వేలు. పై మోడలు మెరుపుకి ఆశపడి గీత దాటేముందు ఈ అంకెలు కాగితం మీద రాసుకోండి.

మన చుట్టూ ఉన్న ఊళ్ళే ఈనాటి ఎస్‌యూవీల పుట్టిళ్ళు. శ్రీపెరుంబుదూరు దగ్గర హ్యుందాయ్ క్రెటా 2015 నుంచి, ఒరగడంలో రెనో డస్టర్ 2012లో, ట్రైబర్ 2019లో. మన సీమలో పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చి 2019 ఆగస్టులో సెల్టోస్ విడుదల చేసింది. తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తరలివెళ్ళిన పెనుకొండే అది. వినడానికి గర్వంగానే ఉంటుంది. కాని గర్వం వేరు, స్పేర్ పార్ట్స్ వేరు. వండలూరు స్టాండర్డ్ 1980ల చివర మూతపడింది. ఫోర్డ్ 2021లో వెళ్ళిపోతున్నామని చెప్పి 2022లో ఇక్కడి ఆఖరి కారు చేసింది. ఊళ్ళోనే తయారైందన్న ధీమా రెండుసార్లు చెల్లలేదు. పదేళ్ళు ఉంచుకునే బండికి మెకానిక్కు ఎక్కడ దొరుకుతాడన్నది ఇంజనంత ముఖ్యం.

2015 డిసెంబరు వరద తర్వాత, మళ్ళీ 2023 మిచాంగ్ తుపాను తర్వాత మన ఊరివాళ్ళకి ఎత్తు బండి మీద మోజు పెరిగింది. అది న్యాయమే. అయితే గ్రౌండ్ క్లియరెన్స్ అంటే నీళ్ళలో దిగే లోతు కాదు. ఇంజను గాలి పీల్చే గొట్టంలోకి నీరు వెళితే ఎంత ఎత్తు బండైనా ఆగిపోతుంది. ఆగినప్పుడు మళ్ళీ స్టార్టు చేయకూడదు, చేస్తే ఇంజను పాడవుతుంది. ఇన్సూరెన్సులో ఇంజను రక్షణ విడిగా చేర్చుకోవాలి. మైలాపూరులో దీన్ని తప్పక అడగండి.

మైలాపూరుకే చెందిన ఇంకో చిక్కు వెడల్పు. అంబాసడర్ పొడవు దాదాపు 4.3 మీటర్లు, ఇప్పటి క్రెటా అంత. కాని అంబాసడర్ వెడల్పు 1,662 మిల్లీమీటర్లు, క్రెటా 1,790. అంటే అయిదు అంగుళాలు ఎక్కువ. ఇన్నోవా హైక్రాస్ 1,850. మాడవీధుల పక్క సందులు మాత్రం తాతలనాటి వెడల్పే. లజ్ దగ్గర మెట్రో పనులతో ఉన్నదీ తగ్గింది. కొనేముందు మీ ఇంటి గేటూ, తలుపు తెరిచే చోటూ టేపుతో కొలవండి.

ఇక ఏడు సీట్ల సంగతి. ఒక షోరూమ్‌లో "మూడో వరసలో పెద్దవాళ్ళు కూడా హాయిగా కూర్చుంటారు సార్" అన్నారు. మీరు కూర్చుని చూపించండి అంటే ఆ అబ్బాయి నవ్వేశాడు. ట్రైబర్ నాలుగు మీటర్ల లోపే ఏడుగురిని పట్టించిన తెలివైన బండి, సందేహం లేదు. కాని ఏడుగురూ ఎక్కితే డిక్కీలో మిగిలేది 84 లీటర్లు. మూడో వరస తీసేస్తే 625 లీటర్లు. అంటే మనుషులో, పెట్టెలో ఏదో ఒకటే. మనిషి 65 కిలోల చొప్పున ఏడుగురు 455 కిలోలు. బండి మొత్తం అనుమతి బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే ఇంకా ఎంత మిగులుతుందో అడగండి. వ్యాగను మీద రాసే అంకె అదే.

మా సలహా ఇది. మోడలు పేరు చివర రాయండి. ముందు ఒక కాగితం మీద రెండు ప్రశ్నలు రాయండి. మొదటిది, ఏడాదిలో ఎన్ని రోజులు అయిదుగురికి మించి ప్రయాణం చేస్తారు? పదిరోజుల లోపైతే అయిదు సీట్ల చిన్న బండి కొని, ఆ పదిరోజులకీ ఇన్నోవా అద్దెకి తీసుకోవడమే చౌక. అది నామోషీ కాదు. నెలకి రెండు మూడుసార్లు అందరూ కలిసి వెళ్ళే ఇల్లయితే పొడవైన ఏడు సీట్ల బండికి ఇచ్చే పన్ను దండగ కాదు.

రెండోది, ఆరో మనిషి ఎవరు? ముందు ఇద్దరు, వెనక ముగ్గురు. చోటు చాలనప్పుడు "నేను ఇంట్లో ఉంటాలే, మీరు వెళ్ళిరండి" అనేది సాధారణంగా అమ్మమ్మో, తాతయ్యో. వాళ్ళు ఇష్టపడి ఉండిపోయారని మనం అనుకుంటాం. అందుచేత టెస్ట్ డ్రైవుకి పిల్లవాడిని మాత్రమే కాదు, మోకాళ్ళ నొప్పి ఉన్న పెద్దావిడని కూడా తీసుకెళ్ళండి. ఆవిడ చీర కుచ్చిళ్ళు పట్టుకొని, ఎవరి చెయ్యీ అందుకోకుండా ఎక్కి కూర్చోగలిగిన బండి ఏదో చూడండి. 1968లో హెరాల్డ్‌కి నాలుగు తలుపులు పెట్టించింది ఆవిడలాంటివాళ్ళే. ఈనాటి బళ్ళ మీద కూడా చివరి సంతకం ఆవిడదే కావాలి.

బండి చూస్తున్న సభ్యులు ఆ రెండు ప్రశ్నలకీ జవాబులు రాసి పట్టుకొని వస్తే, వచ్చే కూడికలో మేము పన్నుల లెక్క వేసిపెడతాము.