ఏ బడికి ఎవరి ధనము?

లక్డీకాపూల్ అనగా కఱ్ఱవంతెన. కఱ్ఱ పోయి చాలకాలమైనను పేరు నిలిచినది. ఇప్పటి మెట్రో రైలు స్టేషనుకును అదియే పేరు. అచ్చటి నుండి నాంపల్లి, ఆబిడ్స్ మీదుగా నారాయణగూడ వఱకు నడచుట మనకు పెద్ద ప్రయాణము కాదు. ఆ కొద్ది మేరలోనే హైదరాబాదు బడులను పోషించిన మూడు విధముల ధనము కానవచ్చును: చర్చి ధనము, ప్రభువు ఖజానా, ప్రజల చందా.

ఆబిడ్స్‌లోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834లో చర్చి పక్షమున వెలసినది. నగరమున ఇంగ్లీషు చదువునకు తొలి వాకిళ్ళలో అది యొకటి. 1870ల దశకమున మొదటి సాలార్‌జంగు తన కుమారులకును, అమీరుల బిడ్డలకును మద్రసా ఆలియాను నెలకొల్పెను. 1887లో నిజాం కళాశాల ఏర్పడినపుడు అది మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధమయ్యెను. పెద్దింటి బాలికల కొఱకు 1907లో మహబూబియా పాఠశాల వచ్చెను. వీనికి ఖజానా అండ కలదు; చదువు ముగిసిన పిమ్మట ఎక్కవలసిన మెట్లును సిద్ధముగానుండెను.

ఇక సామాన్య గృహస్థుని తెలుగు బిడ్డ మాటయేమి? 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపితమైనది. దేశభాషలో ఉన్నతవిద్య నేర్పుట నాటికి గొప్ప సాహసమే. కాని ఆ భాష ఉర్దూ. సంస్థాన ప్రజలలో సగమునకు సమీపముగా తెలుగువారు. ప్రైవేటు బడి పెట్టవలెనన్న సర్కారు అనుమతి కావలసిన దినములవి. అట్టి కాలమున, 1928లో, మాడపాటి హనుమంతరావు మున్నగువారు ఆంధ్ర బాలికల ఉన్నత పాఠశాలను స్థాపించిరి. బోధన తెలుగులో, పోషణ ప్రధానముగా దాతల చేతులలో. పరీక్షలకై ఆ బడి, కర్వే 1916లో పూనాలో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము నాశ్రయింపవలసి వచ్చెను. తమ యూరి బాలికల తెలుగు చదువునకు గుర్తింపు పరాయి రాష్ట్రము నుండి తెచ్చుకొనవలసి వచ్చుట ఎంత విపరీతము!

ఇందు మనము గమనింపదగిన విషయ మొకటి కలదు. ఉస్మానియా ఉత్తీర్ణుల పట్టికను మాత్రమే చేతబట్టి బడులను తూచినవానికి ఆ బాలికల శ్రమ కంటబడదు. త్రాసులో ఒక తట్టనే చూచినట్లగును.

నేటికిని వేసవిలో పదవ తరగతి ఫలితములు రాగానే ఏ బడి గొప్పదని ఇంటింట చర్చింతుము. ఆ అంకెల ప్రక్కనే మఱి రెండు ప్రశ్నలు వ్రాసికొందము: ఆ బడికి ధనము ఎచ్చటిది? అందు చేరిన బిడ్డ ఏ మెట్టునుండి బయలుదేరినది? ఈ రెండును తెలిసిననాడే మన తీర్పు న్యాయమగును.