విద్యుత్ తీగల మీదుగా అంతర్జాలం: మేడ్చల్ – శామీర్‌పేట నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

హైదరాబాదుకు ఉత్తరాన, నాగపూర్ వెళ్లే జాతీయ రహదారిపై మేడ్చల్, కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారిపై శామీర్‌పేట ఉన్నాయి. ఒకప్పుడు ద్రాక్షతోటలకు, బోరుబావుల సేద్యానికి పేరుపొందిన ఈ ప్రాంతానికి గత మూడు దశాబ్దాలలో నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, జినోమ్ వ్యాలీ పరిశోధన సంస్థలు, 2008లో బిట్స్ పిలానీ ప్రాంగణం వచ్చాయి. అంతర్జాలం లేనిదే పని సాగని సంస్థలకు పక్కనే టెలిఫోను తీగ సైతం చేరని ఇళ్లు ఉండేవి. అయితే ఆ ఇళ్లకు కరెంటు తీగ చేరింది. ఉన్న తీగ మీదుగానే అంతర్జాలాన్ని అందించవచ్చునా, ఆ ప్రయత్నం చేయదగినదేనా అన్న ప్రశ్నకు చరిత్ర ఇస్తున్న సమాధానాన్ని పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

పూర్వరంగం

విద్యుత్ తీగపై సమాచారాన్ని పంపడం కొత్త విషయం కాదు. ఉపకేంద్రాల మధ్య సంభాషణకు, రక్షణ సంకేతాలకు విద్యుత్ మండళ్లు అధిక వోల్టేజీ లైన్లనే దశాబ్దాలపాటు వాడుకున్నాయి. 50 హెర్ట్జ్ విద్యుత్తుతోపాటు అదే తీగపై కొన్ని వందల కిలోహెర్ట్జ్ లోపు వాహక తరంగం ప్రయాణిస్తుంది. అది దారి తప్పకుండా లైనుకు రెండు చివరలా ‘వేవ్ ట్రాప్’ అనే తీగచుట్టను అమరుస్తారు. పంపవలసిన సమాచారం స్వల్పం, లైనుకు కొమ్మలు తక్కువ. ఆ పద్ధతి నిలబడడానికి ఈ రెండూ కారణాలు.

దీనిని గృహాలకు విస్తరింపజేయాలన్న ఆశ 1997లో ఇంగ్లండులోని మాంచెస్టరులో నార్వెబ్, నార్టెల్ సంస్థల ప్రయోగంతో బలపడింది. 1999లో ఆ సంస్థలే దానిని విరమించుకున్నాయి. 2004 అక్టోబరులో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఈ విధానానికి నియమావళిని ఆమోదించింది. అదే నెలలో భారత ప్రభుత్వం బ్రాడ్‌బ్యాండ్ విధానాన్ని ప్రకటించి, సెకనుకు 256 కిలోబిట్లను కనీస వేగంగా నిర్ణయించింది. ఆ దశకంలోనే వర్జీనియా రాష్ట్రంలోని మనాసస్ పట్టణం నగరమంతటికీ విద్యుత్ తీగల మీదుగా అంతర్జాలాన్ని అందించి ప్రపంచ దృష్టిని ఆకర్షించింది. 2010లో ఆ సేవ మూతపడింది.

స్థానిక పంపిణీ వ్యవస్థ స్వభావం

ఈ వైఫల్యాలకు కారణమైన సాంకేతిక అవరోధాలు మేడ్చల్, శామీర్‌పేటల వంటి ప్రాంతాలలో మరింత తీవ్రంగా ఉంటాయి. 33/11 కేవీ ఉపకేంద్రం నుండి బయలుదేరిన 11 కేవీ లైను పంపిణీ ట్రాన్స్‌ఫార్మరును చేరి, అక్కడ నుండి 230 వోల్టులుగా ఇళ్లకు వెళుతుంది. అంతర్జాల సంకేతాలు సుమారు 2 నుండి 30 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగాలపై నడుస్తాయి. ట్రాన్స్‌ఫార్మరు వాటిని చాలావరకు అడ్డుకుంటుంది. కనుక ప్రతి ట్రాన్స్‌ఫార్మరు వద్ద సంకేతాన్ని పక్కదారిన దాటించే పరికరం కావాలి.

2000 దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంపిణీ సంస్థలు వ్యవసాయ లైన్లలో అధిక వోల్టేజీ పంపిణీ విధానాన్ని చేపట్టాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు స్థానంలో కొద్దిపాటి మోటార్లకు ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. మోటార్లు కాలిపోవడాన్ని, విద్యుత్ నష్టాలను తగ్గించే ఈ సంస్కరణ రైతుకు మేలైనదే. అంతర్జాలం దృష్ట్యా మాత్రం దాటవలసిన అడ్డుగోడల సంఖ్య పెరిగింది. దీనికి తోడు మోటార్ల స్టార్టర్లు, వదులైన జాయింట్లు తీగలో రొద పుట్టిస్తాయి. కవచం లేని అల్యూమినియం తీగ యాంటెన్నా వలె తరంగాలను వెదజల్లి, షార్ట్‌వేవ్ రేడియోకు అంతరాయం కలిగిస్తుంది. పైగా కరెంటు పోతే దారిలోని పరికరాలూ ఆగిపోతాయి. 2018 జనవరి 1న 24 గంటల ఉచిత సరఫరా మొదలయ్యేవరకు వ్యవసాయానికి త్రీఫేజ్ విద్యుత్తు రోజులో కొన్ని గంటలే అందేది.

తీగ నుండి స్తంభానికి

తీగ చేయలేని పనిని స్తంభం చేసింది. 2015లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ భూమిని తవ్వకుండా విద్యుత్ స్తంభాలపైనే ఆప్టికల్ ఫైబరును వేలాడదీసింది. గాజుతో చేసిన ఈ కేబులుకు విద్యుత్ రొద అంటదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆ పథకాన్ని ప్రారంభించారు. తెలంగాణ మరొక మార్గాన్ని ఎంచుకుంది. శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి వెంట సాగితే వచ్చే గజ్వేల్ నియోజకవర్గంలోని కోమటిబండలో 2016 ఆగస్టు 7న మిషన్ భగీరథ ప్రారంభమైంది. ఆ మంచినీటి గొట్టాల కందకాలలోనే ఫైబరు నాళాలను వేయాలన్నది టీ-ఫైబర్ పథకానికి మూలం. రెండు పథకాల తర్కం ఒకటే: ఒక సదుపాయానికి లభించిన దారిని మరొక సదుపాయానికీ వినియోగించడం.

స్తంభం కూడా నిరపాయం కాదు. 2025 ఆగస్టులో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్ తగిలి ఐదుగురు మరణించారు. ఆ తరువాత విద్యుత్ సంస్థ నగరంలోని స్తంభాలపై ఉన్న కేబుళ్ల తొలగింపును ముమ్మరం చేసింది. అనేక ఇళ్లకు అంతర్జాలం ఆగిపోయింది, వివాదం హైకోర్టుకు చేరింది. చౌకగా దొరికిన దారికి బాధ్యుడెవరో ముందుగా తేల్చుకోకపోతే ఆ మూల్యాన్ని ఎవరు చెల్లిస్తారన్నది ఈ ఘటనతో ముందుకొచ్చిన ప్రశ్న.

ముగింపు

ఊరి విద్యుత్ తీగలను అంతర్జాల మార్గంగా మార్చే ప్రయత్నం మేడ్చల్, శామీర్‌పేటల వంటి ప్రాంతాలకు చేయదగినది కాదని పై పరిశీలన వల్ల తెలుస్తున్నది. ఆ సాంకేతికత పూర్తిగా నిష్ప్రయోజనమని దీని అర్థం కాదు. ఒకే ఇంటిలో గది నుండి గదికి సంకేతాన్ని చేరవేయడానికి 2010లో ప్రమాణం సిద్ధమైంది. మీటరు రీడింగుల వంటి స్వల్ప సమాచారానికీ అది సరిపోతుంది. మేడ్చల్ దారిలోని జీడిమెట్ల పారిశ్రామికవాడ కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ స్మార్ట్ గ్రిడ్ ప్రయోగాలలో ఒకదానికి వేదిక కావడం, విద్యుత్ వ్యవస్థకు తనదైన సమాచార అవసరం ఉన్నదని చూపుతుంది. ప్రజలకు అంతర్జాలం చేర్చడంలో విద్యుత్ వ్యవస్థ ఇవ్వగలిగిన విలువైన వనరు స్తంభమూ, దాని వెంట ఉన్న దారిహక్కూ. కేబులు ఎవరిదో తెలిపే గుర్తింపు, విద్యుత్ తీగకు తగిన ఎడం, అద్దె, ఉమ్మడి తనిఖీ అనే నాలుగింటినీ ఒప్పందంలో స్పష్టపరచిన చోట మాత్రమే ఆ వనరు ప్రజలకు క్షేమంగా ఉపకరిస్తుంది.