ఈదా ఫైఫర్: కాశీయాత్ర వంటి ఒక నెపం

మా అమ్మ జిల్లా పొలిమేర దాటి చేసిన దూరప్రయాణం ఒక్కటే, కాశీయాత్ర. అప్పటికి ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. నాన్నగారు గతించి రెండేళ్ళయింది. ఆడపిల్లల పురుళ్ళు, మనుమల అక్షరాభ్యాసాలు అన్నీ ముగిశాయి. "ఇక నన్ను కాశీకి పోనీయండిరా" అని ఆమె అడిగితే కాదనడానికి ఇంట్లో ఎవరికీ నోరు రాలేదు. తిరిగివచ్చిన తరువాత విశ్వనాథుని గురించి ఆమె చెప్పినది రెండు మాటలే. తక్కినదంతా రైలు కిటికీలోనుండి చూచిన నర్మదానది గురించి, పేరు తెలియని స్టేషనులో మట్టిముంతలో తాగిన టీ గురించి, భాష తెలియకపోయినా తనకు చోటిచ్చిన ఒక బీహారు ముసలమ్మ గురించి. కాశీలో ఇష్టమైన కాయ ఒకటి వదలిరావాలి కదా, ఆమె కాకరకాయ వదలివచ్చింది. (కాకరకాయ ఆమె ఏనాడూ నోట పెట్టి ఎరుగదు.)

అప్పటినుండి నాకొక సందేహం. కాశీ అని కాక, "ఊరికే లోకం చూచివస్తాను" అని అడిగివుంటే మేము పంపేవారమా? పంపేవారము కాము. మన సమాజంలో పెద్దవయసు స్త్రీకి దారి తెరచే మాట తీర్థయాత్ర ఒక్కటే. ఈ కిటుకు మన వారికే తెలుసుననుకునేదాన్ని. ఈదా ఫైఫర్ చరిత్ర చదివిన తరువాత ఆ అభిప్రాయం మార్చుకున్నాను.

ఈదా 1797 అక్టోబరు 14న వియన్నా నగరంలో ఒక వస్త్రవ్యాపారి ఇంట పుట్టింది. తండ్రి ఆమెను అన్నదమ్ములతో సమానంగా పెంచాడు. మగపిల్లల దుస్తులే వేసుకొని తిరిగేది. ఆయన పోయిన తరువాత తల్లి ఆ దుస్తులు మాన్పించి, కుట్టుపనీ పియానో నేర్పించింది. చదువు చెప్పిన గురువునే ఆమె ప్రేమించింది. తల్లి ఒప్పుకోలేదు. 1820లో తనకంటె ఇరవై నాలుగేళ్ళు పెద్దవాడైన ఫైఫర్ అనే న్యాయవాదిని పెండ్లాడి లెంబర్గుకు కాపురానికి వెళ్ళింది. ఆయన నిజాయితీపరుడే. అధికారుల అవినీతిని బయటపెట్టి, వారి పగకు గురై, జీవనోపాధి పోగొట్టుకున్నాడు. ఇద్దరు కొడుకులను పోషించడానికి ఈదా ఇరుగుపొరుగుకు తెలియకుండా సంగీతం, చిత్రలేఖనం పాఠాలు చెప్పింది. ఆ దశలో ఇంట్లో పూట గడవడమే కష్టమయింది. 1836లో చిన్నకొడుకును సముద్రస్నానాలకని త్రియెస్తె రేవుకు తీసుకొనివెళ్ళినప్పుడు ఆమె మొదటిసారి సముద్రాన్ని చూచింది.

కొడుకులు చేతికి అందివచ్చాక, 1842 మార్చిలో, నలభై నాలుగేళ్ళ వయసున, ఆమె వీలునామా వ్రాసిపెట్టి డాన్యూబు నదిలో పడవ ఎక్కింది. కాన్‌స్టాంటినోపుల్‌లో ఉన్న స్నేహితురాలిని చూచివస్తానని బంధువులకు చెప్పింది. అసలు గమ్యం యెరూషలేము. అదైనా తీర్థయాత్ర కనుక, సంగతి బయటపడినా తప్పుపట్టేవారుండరు! ఆ యాత్ర మీద ఆమె వ్రాసిన పుస్తకం 1844లో వెలువడినప్పుడు దానిమీద ఆమె పేరు లేదు. ఆ డబ్బుతో 1845లో ఐస్‌లాండుకు పోయింది. అక్కడ ఏ పుణ్యక్షేత్రమూ లేదన్నది గమనించదగిన విషయం. నెపం అవసరం ఒక్కసారికే తీరిపోయింది.

1846లో బయలుదేరిన మొదటి భూప్రదక్షిణంలో బ్రెజిలు, తాహితి, చైనా, సింగపూరు, సింహళం చూచుకొని 1847 చివర కలకత్తా చేరింది. మన ఏనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర ముగించుకొని చెన్నపట్నం చేరినది 1831లో. అంటే పదహారేళ్ళ ఎడమ. ఆయన వెంట నూరుమందికి పైగా పరివారం, పల్లకీలు, డేరాలు. ఈమె వెంట ఒక సేవకుడు. గంగ మీద పొగపడవలో కాశీకి వెళ్ళి, ఆగ్రా, ఢిల్లీ చూచుకొని, అక్కడనుండి కోటా, ఇందోరుల మీదుగా ఎద్దులబండిలోను ఒంటె మీదను బొంబాయి దాకా సాగింది. దారిలో అజంతా, ఎల్లోరా, ఔరంగాబాదు చూచింది. అవన్నీ అప్పుడు నైజాము రాజ్యంలోనివి. నాసిరుద్దౌలా ఏలుబడి. ఎల్లోరా దారిలో ఏనుగుల మీద పులివేటకు పోతున్న దొరలు కొందరు ఎదురైతే, వారితో కలిసి ఏనుగెక్కి వేట కూడా చూచివచ్చింది. అప్పటికి ఆమెకు యాభై యేళ్ళు నిండినాయి.

బొంబాయినుండి ఓడలో బస్రా, అక్కడినుండి బాగ్దాదు. బాగ్దాదునుండి మోసులుకు పోయే బిడారులో ఒక కంచరగాడిదను కుదుర్చుకొని, ఆ దేశపు స్త్రీల ముసుగు వేసుకొని, రాత్రులు ప్రయాణమూ పగళ్ళు ఎండలో పడిగాపులుగా సుమారు రెండు వారాలు నడిచింది. తిండి రొట్టె, ఖర్జూరం, దోసకాయ. ధనవంతులైన ఐరోపావారు ఆ దారిలో గుడారాలతో, కాపలాభటులతో పోయేవారు. ఈమె బీద అరబ్బులు పోయినట్టే పోయింది. మోసులులో ఆమె చేసిన ఒక పని నన్ను నిలిపివేసింది. తన దినచర్య వ్రాతప్రతులన్నీ కట్టగట్టి కొడుకులకు పంపించివేసింది. ముందున్నది కుర్దుల కొండదారి. తాను చచ్చిపోయినా వ్రాత మిగలాలని ఆమె ఆశ. ఒక యాత్రికురాలు ప్రాణానికీ కాగితానికీ ఇచ్చిన విలువ ఇక్కడ కనబడుతున్నది. తబ్రీజుకు క్షేమంగా చేరినప్పుడు ఒక ఐరోపా స్త్రీ ఆ దారిన ఒంటరిగా రాగలదని అక్కడి ఆంగ్ల ప్రతినిధి మొదట నమ్మలేకపోయాడు.

ఆ యాత్ర మొత్తంలో ఆమెను నిర్బంధించినది ఎవరనుకుంటున్నారు? రష్యా ఏలుబడిలోకి ప్రవేశించాక సాయంత్రం కాస్త నడచివద్దామని వెళ్ళితే ఒక కొసాకు సైనికుడు బలవంతంగా బండిలో పడవేసుకొని పోయి రాత్రంతా నిర్బంధంలో ఉంచాడు. హిందువులూ అరబ్బులూ పారసీకులూ ఉన్న దేశాలన్నీ క్షేమంగా దాటివచ్చి, క్రైస్తవరాజ్యంలో ఈ గతి పట్టిందే అని తన పుస్తకంలో బాధపడింది.

ఇంతమాత్రాన ఆమె చూపు అంతటా న్యాయంగా ఉన్నదని చెప్పలేను. తాహితీ స్త్రీల రూపాన్ని గురించి, చైనావారిని గురించి తేలికగా తీసిపారవేసిన వాక్యాలు చాలా ఉన్నాయి. ఆనాటి తెల్లవారి అహంకారం ఆమెలోనూ ఉన్నది. అయినా హిందూదేశంలో సుఖంగా బంగళాలలో ఉంటూ జనంతో కలియని మిషనరీలను ఆమె మెచ్చుకోలేదు. చూచినది చూచినట్టు తనవారిమీద కూడా వ్రాసింది.

రెండవ భూప్రదక్షిణం 1851 నుండి 1855 వరకు. బోర్నియో లోపలి అడవులలో నడచింది. 1852లో సుమత్రా దీవిలో బతక్ జాతి ఉండే లోయలోనికి పోయింది. 1834లో ఇద్దరు అమెరికను మతప్రచారకులు చంపబడినది ఆ ప్రాంతంలోనే. నరమాంసభక్షకులని పేరున్న ఆ జనం ఆమెను చుట్టుముట్టి, చంపి తింటామని సైగలు చేశారు. ఆమె తనకు వచ్చిన కొద్దిమాటలలో, నావంటి ముసలిదాని మాంసం ముదురు, నమలలేరు అన్నది. వాళ్ళు పకపక నవ్వి దారి వదిలారు. తోబా సరస్సు దగ్గరకు వచ్చి కూడా దానిని చూడకుండానే వెనుదిరగవలసి వచ్చింది గాని, ప్రాణం దక్కింది. వయసును అడ్డంకి అని అందరూ అంటారు. ఆమె దానినే డాలుగా పట్టుకున్నది. పడుచువయసులో అదే దారిన పోయివుంటే ఆ నవ్వు పుట్టేదా అన్నది నా సందేహం. బాగ్దాదు బిడారులోనూ అంతే. నెరసిన జుట్టున్న స్త్రీని "అమ్మ" అనని దేశం ఆసియాలో అరుదు.

ఆమె ధనవంతురాలు కాదు. పురుగులు, చేపలు, మొక్కలు సేకరించి వస్తుప్రదర్శనశాలలకు అమ్ముకొని దారిఖర్చులు సంపాదించుకునేది. హంబోల్టు వంటి మహావిద్వాంసుడు మెచ్చుకున్నాడు. బెర్లిను భౌగోళిక సంఘం గౌరవసభ్యత్వమిచ్చింది. ప్రష్యా రాజు స్వర్ణపతకమిచ్చాడు. లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ మాత్రం స్త్రీలకు సభ్యత్వం లేదన్నది. 1857లో మడగాస్కరుకు పోయి, రాణీ రణవలొనా మీద ఇతరులు పన్నిన కుట్రలో ఇరుక్కొని, దేశబహిష్కృతయై, అడవిజ్వరంతో ఇల్లు చేరింది. 1858 అక్టోబరు 27న, అరవై ఒక్క యేళ్ళు నిండిన పదమూడు రోజులకు, వియన్నాలో కన్నుమూసింది.

లండను సంఘం తలుపు కొద్దిగా తెరుచుకున్నది 1892లో. లోనికి వెళ్ళిన తొలి స్త్రీలలో ఇసబెల్లా బర్డ్ ఒకరు. వెన్నునొప్పితో మంచంపట్టే ఆ మనిషి, భర్త పోయిన తరువాత 1889లో, యాభై ఏడేళ్ళ వయసున, కాశ్మీరునుండి గుర్రం మీద లడఖు వెళ్ళి, రూప్షూ, లాహౌల్ మీదుగా దిగివచ్చింది. అరవై నాలుగేళ్ళు దాటాక చైనాలో యాంగ్‌ట్సీ నది వెంట ప్రయాణించింది. ఈమెకూ ఒక నెపం ఉన్నది. భర్త పేరిట, చెల్లెలి పేరిట ఆసుపత్రులు నెలకొల్పడం. తలుపు మరుసటి యేడే మూతపడింది. ఆడవారు భూగోళజ్ఞానానికి ఏమీ చేయలేరని 1893లో పత్రికకెక్కి వాదించిన ప్రముఖుడు ఎవరో తెలుసునా? బంగాళాన్ని రెండు ముక్కలు చేసిన మన కర్జన్ ప్రభువే. 1913లో స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నప్పుడు ఆ సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే! ఇరవై యేళ్ళలో ఆయనకు జ్ఞానోదయమయిందో, కాలమే ఆయనను ఈడ్చుకొనిపోయిందో మీరే ఊహించుకోండి.

ఐర్లండుకు చెందిన డెర్వ్లా మర్ఫీ కథ కూడా ఈ అచ్చులోనిదే. పద్నాలుగేళ్ళకే చదువు మాని, కదలలేని తల్లికి సేవచేసి, ఆమె 1962లో మరణించాక, 1963 జనవరిలో సైకిలెక్కి ఒంటరిగా ఢిల్లీ దాకా తొక్కింది. అప్పటికి ఆమె ముప్పైయొక్క యేళ్ళది. అయితే ఆమె ఆగలేదు. డెబ్బైయవ యేట సైబీరియాలో సైకిలు తొక్కాలని పోయి, దారిలో కాలికి దెబ్బతగిలి, అదే ప్రయాణాన్ని రైళ్ళలోను పడవలలోను సాగించి పుస్తకం వ్రాసింది. 2022లో తొంభైయవ యేట పోయింది.

ఇక మోటారుసైకిలు. ఫైఫర్‌కు బండివాడు కావాలి, బిడారు నాయకుడు కావాలి, దొరల సిఫారసు ఉత్తరాలు కావాలి. మోటారుసైకిలు మీద పోయే స్త్రీకి ఈ మధ్యవర్తులు అక్కరలేదు. పెట్రోలు, అనుమతిపత్రాలు, పంక్చరు వేసుకునే నేర్పు ఉంటే చాలు. 1972లో పారిస్ నుండి ఇస్ఫహాను దాకా జరిగిన మోటారుసైకిలు యాత్రలో ఆన్-ఫ్రాన్స్ దోత్‌విల్ అనే ఫ్రెంచి పత్రికారచయిత్రి పాల్గొంటే, ఆమె బండి నడపలేదు, లారీలో కూర్చొని వచ్చిందని పుకారు లేవదీశారు. మరుసటి యేడు ఆమె ఒంటరిగా చిన్న కవాసకి బండి మీద భూమిని చుట్టివచ్చింది. తబ్రీజులో ఫైఫర్‌ను నమ్మని కాలానికీ దీనికీ నూట ఇరవై యేళ్ళు పైబడిన ఎడమ.

నా సంగతి చెబితే నవ్వుతారేమో. 1980లలో కొలువులో చేరిన కొత్తలో పది కిలోమీటర్ల దూరంలోని బడికి లూనా మీద వెళ్ళేదాన్ని. తెలుగు పంతులమ్మ బండి తోలడమేమిటని బడిలో ఒక పెద్దమనిషి రెండేళ్ళు సణిగాడు. "వాన వస్తే పిల్లలకు పాఠం పోతుంది కదండీ" అని నేనూ ఒక నెపమే చెప్పాను. తోలడం నాకిష్టమని చెప్పే ధైర్యం అప్పుడు లేదు.

ఇప్పుడు లడఖులో బర్డ్ గుర్రం మీద దిగివచ్చిన ఆ ఎత్తైన సీమలోనే మనాలి-లేహ్ రహదారి ఉన్నది. దానిమీద బండి తోలుకొనిపోయేవారిలో నెరసిన జుట్టు స్త్రీలు కూడా కనబడుతున్నారు. 2018లో హైదరాబాదునుండి నలుగురు స్త్రీలు మోటారుసైకిళ్ళ మీద మయన్మారు, థాయిలాండు, లావోస్, కాంబోడియా, వియత్నాముల మీదుగా సుమారు పదిహేడు వేల కిలోమీటర్లు తిరిగివచ్చారు. వారిలో పియా బహదూర్ ఆ యాత్రను ఆంగ్లంలో పుస్తకంగా వ్రాశారు. వారు వృద్ధులు కారు, ఒంటరిగానూ పోలేదు. కాని కాశీ పేరు చెప్పి బయలుదేరలేదు.

మిత్రులారా, మీ ఇండ్లలో ఇట్లా ఒంటరిగా దారిపట్టిన అమ్మమ్మలు, నాయనమ్మలు, మేనత్తలు ఎవరైనా ఉంటే వారి ఉత్తరాలను, చిట్టాపుస్తకాలను పాతకాగితాలవాడికి వేయకండి. మా అమ్మ కాశీలో రోజుకింత ఖర్చయిందని పెన్సిలుతో వ్రాసుకున్న చిన్న పుస్తకం నా దగ్గర ఉన్నది. అందులో "పడవ, అవతలి ఒడ్డుకు, ఊరికే" అని ఒక పద్దు ఉన్నది. తీరిక చూచుకొని దానిని ఉన్నదున్నట్టు ఎక్కిస్తాను.